మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో డోపింగ్ నిషేధాలు, జట్లు మోసే భారం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామందికి బేస్‌బాల్ పిల్లల ద్వారా ఇంట్లోకి వచ్చిన ఆట. డల్లాస్, అట్లాంటా, శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల్లో ఉంటూ స్థానిక జట్టును అభిమానించేవారు, తమ జట్టులోని ముఖ్య ఆటగాడిపై 80 మ్యాచ్‌ల నిషేధం పడిందన్న వార్త చదివినప్పుడు సాధారణంగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ఆటగాడి తప్పొప్పుల గురించి పత్రికలు విస్తారంగానే రాస్తాయి. అతడు ఖాళీ చేసిన స్థానం భారాన్ని ఏ తప్పూ చేయని 25 మంది సహచరులు ఎలా మోస్తారన్న విషయం మాత్రం వెనుకబడిపోతుంది. అందుకే ఈ జవాబుల్లో ఎక్కువ భాగం జట్టు గురించే ఉంటుంది.

బేస్‌బాల్‌లో నిషేధిత ఉత్ప్రేరకాలు అంటే ఏవి?

కండబలాన్ని, అలసట నుంచి కోలుకునే వేగాన్ని కృత్రిమంగా పెంచే పదార్థాలు ఇవి. మేజర్ లీగ్ కేసుల్లో తరచుగా వినిపించే పేర్లు స్టానోజొలాల్, బోల్డినోన్, నాండ్రొలోన్, క్లోస్టెబాల్ వంటి అనబాలిక్ స్టెరాయిడ్లవి. కృత్రిమ టెస్టోస్టిరాన్, మానవ వృద్ధి హార్మోన్, ఓస్టరీన్ కూడా ఈ కోవలోనివే.

బలాన్ని పెంచకపోయినా జాబితాలో ఉన్న మందులు కొన్ని ఉన్నాయి. రక్తపోటుకు, కాళ్ల వాపుకు మన ఊళ్లలోనూ డాక్టర్లు రాసే ఫ్యూరోసెమైడ్ మాత్ర అలాంటిది. మూత్రం ఎక్కువగా పోయించే ఈ మందు శరీరంలోని ఇతర పదార్థాల ఆనవాళ్లను పలుచన చేసి పరీక్షకు దొరకకుండా చేయగలదు. 2018 మే నెలలో సియాటిల్ మారినర్స్ ఆటగాడు రాబిన్సన్ కనో 80 మ్యాచ్‌లకు దూరమైంది ఈ మాత్ర వల్లనే. సంతాన సాఫల్య చికిత్సలో వాడే హెచ్‌సీజీ హార్మోన్ మరొకటి. స్టెరాయిడ్లు వాడి ఆపేసినవారు శరీరం తన సొంత టెస్టోస్టిరాన్‌ను మళ్లీ తయారుచేసుకునేందుకు దీన్ని వాడతారు. 2009లో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ ఆటగాడు మానీ రామిరెజ్, 2025లో అట్లాంటా బ్రేవ్స్ ఆటగాడు జూరిక్సన్ ప్రొఫార్ దీనివల్లనే నిషేధానికి గురయ్యారు.

శిక్షలు ఎంత కాలం? ఇవి మొదటినుంచీ ఇంత కఠినంగా ఉన్నాయా?

లేవు. 1998లో మార్క్ మెక్‌గ్వైర్ 70 హోమ్ రన్‌లు (క్రికెట్ సిక్సర్ లాంటి దెబ్బలు), 2001లో బ్యారీ బాండ్స్ 73 హోమ్ రన్‌లు కొట్టిన కాలంలో మేజర్ లీగ్‌లో స్టెరాయిడ్ల పరీక్షే లేదు. 2003లో పేర్లు బయటపెట్టకుండా సర్వే పరీక్షలు జరిపారు. 5 శాతానికి మించి ఆటగాళ్లు పట్టుబడితే మరుసటి ఏడాది నుంచి తప్పనిసరి పరీక్షలు పెట్టాలన్నది అప్పటి ఒప్పందం, ఆ హద్దు దాటనే దాటింది. 2005లో తొలిసారి పట్టుబడినవారికి పడిన శిక్ష 10 రోజులే. టాంపా బే ఆటగాడు అలెక్స్ సాంచెజ్ ఆ ఏప్రిల్‌లో ఈ నిబంధన కింద శిక్షపడిన మొదటివాడు. తాను స్టెరాయిడ్లు ఎన్నడూ వాడలేదని మార్చిలో అమెరికా కాంగ్రెస్ సభాసంఘం ముందు చెప్పిన రాఫెల్ పల్మేరో ఆగస్టు 1న అదే 10 రోజుల శిక్షకు గురైనప్పుడు, ఆ శిక్ష ఎంత చిన్నదో దేశమంతా చూసింది.

2006 సీజన్ నుంచి తొలిసారికి 50 మ్యాచ్‌లు, రెండోసారికి 100 మ్యాచ్‌లు, మూడోసారికి శాశ్వత బహిష్కరణ అమల్లోకి వచ్చాయి. 2014 మార్చిలో తొలి రెండింటినీ 80కీ 162కీ పెంచారు. ఒక సీజన్‌లో ప్రతి జట్టూ ఆడేది 162 మ్యాచ్‌లు కనుక, రెండోసారి పట్టుబడటం అంటే ఒక సంవత్సరం పూర్తిగా పోవడం. ఈ నిబంధనలు లీగ్ ఏకపక్షంగా విధించినవి కావు, ఆటగాళ్ల సంఘంతో బేరమాడి కుదుర్చుకున్నవి. 2014లో శిక్షలు పెరగాలని గట్టిగా కోరినవారిలో ఆటగాళ్లే ముందున్నారన్న సంగతిని గుర్తుపెట్టుకోవాలి, దాని కారణం కింద చెబుతాం.

పరీక్షలో పట్టుబడకపోయినా నిషేధం పడుతుందా?

పడుతుంది. ఇందుకు పెద్ద ఉదాహరణ బయోజెనిసిస్ వ్యవహారం. ఫ్లోరిడాలోని కోరల్ గేబుల్స్‌లో ఆంథొనీ బాష్ నడిపిన ఈ క్లినిక్ రికార్డులు 2013 జనవరిలో ఒక మయామీ వారపత్రిక ద్వారా బయటికొచ్చాయి. ఆటగాళ్ల పేర్లు, వారికిచ్చిన మందులు వాటిలో ఉన్నాయి. ఆ జులైలో మిల్వాకీ బ్రూవర్స్ ఆటగాడు రయన్ బ్రాన్ 65 మ్యాచ్‌ల నిషేధాన్ని ఒప్పుకున్నాడు. ఆగస్టు 5న ఒక్కరోజే 12 మంది 50 మ్యాచ్‌ల చొప్పున శిక్షను అంగీకరించారు. న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు అలెక్స్ రోడ్రిగెజ్‌కు లీగ్ విధించింది 211 మ్యాచ్‌లు. అతడు అప్పీలు చేసి మిగిలిన సీజన్ ఆడాడు, చివరకు 2014 జనవరిలో మధ్యవర్తి దాన్ని 162 మ్యాచ్‌లకు తగ్గించారు.

బ్రాన్ కథలో ఇంకో మలుపు కూడా ఉంది. 2011 అక్టోబరులో అతడి నమూనాలో టెస్టోస్టిరాన్ హద్దుమీరి కనిపించినా, నమూనా సేకరించిన వ్యక్తి దాన్ని వెంటనే పంపకుండా వారాంతమంతా తన ఇంట్లో ఉంచాడన్న కారణంతో 2012 ఫిబ్రవరిలో ఆ కేసు కొట్టివేయబడింది. ఆ తీర్పును తన నిర్దోషిత్వానికి రుజువుగా చూపుకున్న బ్రాన్ ఏడాదిన్నరలో తప్పు ఒప్పుకోవలసి వచ్చింది. అతడిని నమ్మి వెనకేసుకొచ్చిన సహచరులకు, జట్టుకు అది చేసిన గాయం మ్యాచ్‌ల లెక్కల్లో కనిపించదు. ఆ ఆగస్టులో బ్రూవర్స్ యాజమాన్యం సొంత మైదానానికి వచ్చిన ప్రతి ప్రేక్షకుడికీ 10 డాలర్ల కూపన్ ఇచ్చింది.

నిషేధ కాలంలో ఆటగాడి జీతం ఏమవుతుంది?

అతడికి రాదు, జట్టు దగ్గరే మిగిలిపోతుంది. చాలామంది అభిమానులను ఆశ్చర్యపరిచే విషయం ఇదే. 2014లో రోడ్రిగెజ్‌కు 2.5 కోట్ల డాలర్ల జీతం ఉండగా, అందులో సుమారు 2.2 కోట్లు అతడు కోల్పోయాడు, యాంకీస్ ఆ మేరకు చెల్లించనక్కర లేకపోయింది. కనో 2020 నవంబరులో స్టానోజొలాల్‌తో రెండోసారి పట్టుబడి 2021 సీజన్ మొత్తానికి దూరమైనప్పుడు అతడి 2.4 కోట్ల డాలర్ల జీతమూ అలాగే ఆగింది. అప్పటికి అతడు న్యూయార్క్ మెట్స్‌లో ఉన్నాడు. ఆ జీతంలో కొంత భాగం పాత జట్టు సియాటిల్ భరిస్తుండేది కనుక రెండు జట్లకూ మిగులు దక్కింది.

లగ్జరీ ట్యాక్స్ కోణం ఇంకొకటి. మొత్తం జీతాల ఖర్చు లీగ్ నిర్ణయించిన హద్దు దాటితే ఆ జట్టు పన్ను కట్టాలి. నిషేధం వల్ల చెల్లించని జీతం ఈ లెక్కలోకి రాదు కాబట్టి, పెద్ద ఒప్పందాలతో హద్దు దగ్గర ఇబ్బంది పడే జట్టుకు అది మరింత వెసులుబాటు.

దీన్ని బట్టి నిషేధం జట్టుకు లాభమేనని అనుకోవడం తొందరపాటు అవుతుంది. ప్రతిభ తగ్గిపోయి, ఒప్పందం మాత్రం మిగిలిన ముప్పై ఎనిమిదేళ్ల ఆటగాడి విషయంలో అది కొంత నిజం కావచ్చు. తన ఉత్తమ దశలో ఉన్న ఆటగాడిని సీజన్ మధ్యలో పోగొట్టుకున్న జట్టుకు మిగిలిన డబ్బుతో అంతటి ఆటగాడు ఆ వేళకు దొరకడు. అయినా ఒకరి తప్పు వల్ల యాజమాన్యానికి ఒక్క డాలరైనా మిగలడం న్యాయంగా తోచదు. ఆ సొమ్మును డోపింగ్ నివారణకో, మేజర్ లీగ్ కింద ఉండే దిగువ లీగుల్లోని కుర్రవాళ్ల వైద్యానికో మళ్లించే నిబంధన రావాలని మేము గట్టిగా నమ్ముతున్నాం.

నిషేధం పడిన ఆటగాడి ఒప్పందాన్ని జట్టు రద్దు చేసుకోవచ్చా?

సాధారణంగా కుదరదు. డోపింగ్‌కు శిక్ష వేసే అధికారం లీగ్ కమిషనర్ కార్యాలయానిదే, దాని మీద జట్టు మరో శిక్ష వేయడానికి లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఉమ్మడి ఒప్పందం అనుమతించదు. 80 మ్యాచ్‌లు పూర్తికాగానే మిగిలిన సంవత్సరాల జీతాన్ని జట్టు చెల్లించాల్సిందే. 2013 డిసెంబరులో కనోతో సియాటిల్ రాసుకున్న ఒప్పందం 10 ఏళ్లు, 24 కోట్ల డాలర్లు. రెండు నిషేధాల తరువాత 2022 మే నెలలో మెట్స్ అతడిని వదులుకున్నప్పుడు ఇంకా దాదాపు 4 కోట్ల డాలర్ల బాధ్యత మిగిలే ఉంది.

అదనపు బోనస్‌ల దగ్గర మాత్రం గొడవ వచ్చిన సందర్భం ఉంది. 2015లో రోడ్రిగెజ్ 660వ హోమ్ రన్‌తో విల్లీ మేస్‌తో సమమైనప్పుడు 60 లక్షల డాలర్ల బోనస్ రావలసి ఉండగా, ఆ మైలురాయికి ఇప్పుడు వాణిజ్య విలువ లేదంటూ యాంకీస్ చెల్లించలేదు. చివరకు 35 లక్షల డాలర్లు దాన సంస్థలకు ఇవ్వడంతో వివాదం ముగిసింది.

ఖాళీ అయిన స్థానాన్ని జట్టు ఎలా భర్తీ చేస్తుంది?

నిషేధితుడు జట్టు లెక్కలోకి రాని పరిమిత జాబితాలోకి మారుతాడు కనుక జట్టు ఉంచుకోగల 40 మంది జాబితాలో అతడి చోటు ఖాళీ అవుతుంది. జట్టు దిగువ లీగు నుంచి ఒకరిని పిలుస్తుంది, లేదా ఉన్నవారిలో ఒకరిని స్థానం మార్పిస్తుంది. 2018లో కనో వెళ్లిపోయినప్పుడు అప్పటిదాకా సెంటర్ ఫీల్డ్ ఆడుతున్న డీ గోర్డన్‌ను సియాటిల్ సెకండ్ బేస్‌కు తెచ్చింది. అంటే ఒక్కరు పోతే రెండు స్థానాల్లో సర్దుబాటు. ఆ గోర్డన్ కూడా 2016లో మయామీకి ఆడుతూ 80 మ్యాచ్‌ల నిషేధం అనుభవించినవాడే.

వార్త ఏ నెలలో వచ్చిందన్నది ఇక్కడ కీలకం. కేసు ఖరారయ్యేదాకా వివరాలు గోప్యంగా ఉంటాయి కాబట్టి జట్టుకు సిద్ధపడేందుకు దొరికే సమయం తక్కువ. 2013 ఆగస్టు 5న నెల్సన్ క్రూజ్‌ను పోగొట్టుకున్న టెక్సాస్ రేంజర్స్ నాలుగు రోజుల్లోనే షికాగో వైట్ సాక్స్ నుంచి అలెక్స్ రియోస్‌ను తెచ్చుకోగలిగింది. అప్పట్లో ఆటగాళ్ల మార్పిడికి జులై 31 గడువు దాటినా వెయివర్ల పద్ధతిలో, అంటే ముందు మిగతా జట్లకు అవకాశం ఇచ్చాక, మార్పిడికి వీలుండేది. 2019 నుంచి ఆ దారి మూసేశారు. ఇప్పుడు ఆగస్టులో పడిన నిషేధానికి, జట్టు చాలావరకు తన గూటిలో ఉన్నవారితోనే సరిపెట్టుకోవాలి. శిక్ష అంకెలు మారకపోయినా అప్పటికన్నా ఇప్పుడు ఆగస్టు దెబ్బ బరువైనది.

ప్లేఆఫ్స్‌లో ఆడనివ్వరన్న నిబంధన ఎందుకు వచ్చింది?

ప్లేఆఫ్స్ అంటే లీగ్ మ్యాచ్‌లు ముగిశాక టైటిల్ కోసం జరిగే మ్యాచ్‌లు. ఈ నిబంధన వెనుక ఉన్నది 2013 శరదృతువు. ఆగస్టులో 50 మ్యాచ్‌ల శిక్ష తీసుకున్నవారికి లెక్క సరిగ్గా సీజన్ చివరకు పూర్తయింది. రేంజర్స్, టాంపా బే రేస్ సమానంగా నిలవడంతో సెప్టెంబరు 30న ఆర్లింగ్టన్‌లో జరిగిన అదనపు మ్యాచ్‌కు క్రూజ్ తిరిగొచ్చాడు. రేంజర్స్ 5-2తో ఓడింది కాబట్టి ఆ వివాదం అక్కడితో సద్దుమణిగింది.

డెట్రాయిట్ టైగర్స్ కథ వేరు. తమ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) జోనీ పెరాల్టాపై వేటు తప్పదన్న అంచనాతో జులై చివరలోనే హోసే ఇగ్లేసియస్‌ను తెచ్చుకుని జాగ్రత్తపడ్డ ఆ జట్టు, శిక్ష ముగిసిన పెరాల్టాను లెఫ్ట్ ఫీల్డ్‌లో నిలబెట్టి ప్లేఆఫ్స్ ఆడించింది. ఓక్లాండ్‌తో నాలుగో మ్యాచ్‌లో ఓడితే ఇంటికే అన్న స్థితిలో డెట్రాయిట్ 3-0తో వెనుకబడి ఉండగా, స్కోరు సమం చేసిన మూడు పరుగుల హోమ్ రన్ పెరాల్టాదే. డెట్రాయిట్ ఆ మ్యాచ్ గెలిచి, ఐదో మ్యాచ్‌నూ గెలిచి ముందుకెళ్లింది. నిబంధన ప్రకారం అందులో తప్పేమీ లేదు, శిక్ష పూర్తయింది. కానీ ఓక్లాండ్ వైపు నిలబడి చూస్తే, రెండు నెలల కిందట మోసం ఒప్పుకున్న వ్యక్తి చేతిలో సీజన్ చేజారడం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆ శీతకాలంలోనే సెయింట్ లూయిస్ కార్డినల్స్ పెరాల్టాతో 4 ఏళ్లకు 5.3 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. మోసానికి బహుమతి దక్కిందంటూ పిచర్ (బంతి విసిరే ఆటగాడు) బ్రాడ్ జీగ్లర్ వంటి ఆటగాళ్లు బహిరంగంగానే నిరసించారు.

2014 మార్చిలో శిక్షలు పెరిగినప్పుడు, ఆ ఏడాది నిషేధం అనుభవించినవాడు శిక్షాకాలం ముగిసినా అదే సంవత్సరం ప్లేఆఫ్స్ ఆడరాదన్న నిబంధన చేరింది ఇందుకే. 50ని 80 చేయడం కన్నా ఇదే అసలు మార్పని మా అభిప్రాయం. ఆటగాడు వేసుకునే లెక్కలో జీతంతో పాటు ఆట కూడా చేరింది, జట్టు లెక్కలో ప్లేఆఫ్స్ జరిగే అక్టోబరు చేరింది. 2016లో ఫిబ్రవరిలోనే శిక్షపడి జులైకల్లా తిరిగొచ్చిన క్లీవ్‌లాండ్ ఆటగాడు అబ్రహం అల్మోంటే, తన జట్టు మేజర్ లీగ్ తుది పోరైన వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లినా ఒక్క మ్యాచ్‌లోనూ దిగలేకపోయాడు. 2019లో 9 విజయాలు, 2 ఓటములతో ఓక్లాండ్ పిచర్లలో ముందున్న ఫ్రాంకీ మోంటాస్‌దీ అదే పరిస్థితి.

ముఖ్య ఆటగాడు లేకుండా గెలిచిన జట్లు ఉన్నాయా?

ఉన్నాయి. 2012 శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ వాటిలో మొదట చెప్పుకోదగినది. ఆగస్టు 15న మెల్కీ కబ్రేరాపై 50 మ్యాచ్‌ల నిషేధం పడేనాటికి అతడి బ్యాటింగ్ సగటు 0.346. తన వాదనను నిలబెట్టుకునేందుకు ఒక బూటకపు వెబ్‌సైట్ సృష్టించే ప్రయత్నం జరిగిందన్న సంగతి కూడా ఆ వారంలోనే బయటపడింది. 45 లీగ్ మ్యాచ్‌లు, 5 ప్లేఆఫ్ మ్యాచ్‌లతో శిక్ష ముగిసేది కనుక తరువాతి దశకు అతడిని పిలిచే హక్కు జెయింట్స్‌కు ఉండింది. అప్పటికి పాత నిబంధనే కదా. అయినా యాజమాన్యం పిలవలేదు. ఆ జట్టు సిన్సినాటిపై 0-2 నుంచి, సెయింట్ లూయిస్‌పై 1-3 నుంచి లేచి, డెట్రాయిట్‌ను 4-0తో ఓడించి వరల్డ్ సిరీస్ గెలుచుకుంది.

ఈ కథలో మమ్మల్ని ఇప్పటికీ ఇబ్బందిపెట్టే చిన్న ముడి ఉంది. మేజర్ లీగ్‌లో నేషనల్ లీగ్, అమెరికన్ లీగ్ అని రెండు సగాలుంటాయి. ఆ రోజుల్లో వాటి మేటి ఆటగాళ్ల మధ్య జరిగే ఆల్‌స్టార్ మ్యాచ్ గెలిచిన లీగ్‌కే వరల్డ్ సిరీస్‌లో సొంత మైదానం అనుకూలత దక్కేది. ఆ జులైలో నేషనల్ లీగ్ 8-0తో గెలిచింది, ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు కబ్రేరానే. అంటే అతడిని దూరం పెట్టిన జట్టు, అతడు తెచ్చిపెట్టిన అనుకూలతతోనే సిరీస్ మొదలుపెట్టింది. జెయింట్స్ తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. కాకపోతే ఒకసారి ఆటలో కలిసిన మందు ప్రభావాన్ని నిషేధం వెనక్కి తీయలేదనడానికి ఇంతకన్నా స్పష్టమైన నిదర్శనం దొరకదు.

సాన్ డియేగో పాడ్రెస్ విషయంలో ఏం జరిగింది?

2021 ఫిబ్రవరిలో ఈ జట్టు షార్ట్‌స్టాప్ ఫెర్నాండో టాటిస్ జూనియర్‌తో 14 ఏళ్లకు 34 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2022లో మణికట్టు గాయంతో సీజన్ మొదలుపెట్టలేకపోయిన టాటిస్ తిరిగొస్తాడన్న భరోసాతోనే ఆగస్టు 2న, మార్పిడి గడువు రోజున, పాడ్రెస్ తన మేలైన యువ ఆటగాళ్లను ఇచ్చి హువాన్ సోటోను తెచ్చుకుంది. పది రోజుల తరువాత, ఆగస్టు 12న, క్లోస్టెబాల్ పాజిటివ్ రావడంతో టాటిస్‌పై 80 మ్యాచ్‌ల నిషేధం ప్రకటించారు. తామరకు వాడిన మందు ద్వారా అది శరీరంలోకి వచ్చిందని అతడు చెప్పాడు. గడువు దాటిపోయింది కాబట్టి మార్పిడి ద్వారా బదులు ఆటగాడిని తెచ్చే దారి లేదు.

షార్ట్‌స్టాప్ బాధ్యతను దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ హా సాంగ్ మోశాడు. పాడ్రెస్ న్యూయార్క్ మెట్స్‌ను, ఆపై ఆ సీజన్‌లో 111 మ్యాచ్‌లు గెలిచిన డాడ్జర్స్‌ను ఓడించి, నేషనల్ లీగ్ తుది సిరీస్‌లో ఫిలడెల్ఫియా చేతిలో 4-1తో ఓడింది. జట్టు ఆడిన ప్లేఆఫ్ మ్యాచ్‌లు కూడా నిషేధ లెక్కలో చేరతాయి. 2022లో మిగిలిన 48 లీగ్ మ్యాచ్‌లు, 12 ప్లేఆఫ్ మ్యాచ్‌లు, 2023లో మొదటి 20 మ్యాచ్‌లు కలిపి 80 పూర్తయ్యాయి, టాటిస్ ఏప్రిల్ 20న తిరిగొచ్చాడు. తన గైర్హాజరీలో సహచరులు ఎంత ముందుకు వెళితే అతడి శిక్ష అంత త్వరగా కరిగిందన్నమాట. ఈలోగా ఆ శీతకాలంలో జాండర్ బోగార్ట్స్‌ను 28 కోట్ల డాలర్లకు షార్ట్‌స్టాప్‌గా తెచ్చుకోవడంతో టాటిస్ రైట్ ఫీల్డ్‌కు మారాడు. అక్కడ నిష్ఠగా కష్టపడి, అదే ఏడాది నేషనల్ లీగ్‌లో ఉత్తమ ఫీల్డర్‌కిచ్చే ప్లాటినం గ్లోవ్ గెలుచుకున్నాడు. నిషేధం తరువాత మనిషి మళ్లీ గౌరవం సంపాదించుకోగలడని చెప్పేందుకు ఈ ఉదాహరణను మేము సంతోషంగా చూపిస్తాం.

జట్టుకే శిక్ష వేయరా? గెలిచిన మ్యాచ్‌లు రద్దు కావా?

మేజర్ లీగ్‌లో విజయాలు రద్దు కావు, టైటిళ్లు వెనక్కి తీసుకోరు, ఒక ఆటగాడు పట్టుబడినందుకు జట్టుపై జరిమానా కూడా పడదు. జపాన్‌లో ఆలోచన వేరుగా ఉంది. 2007లో సాఫ్ట్‌బ్యాంక్ హాక్స్ పిచర్ రిక్ గుట్టార్మ్‌సన్ అక్కడి లీగ్‌లో తొలి డోపింగ్ కేసులో 20 రోజుల నిషేధానికి గురైనప్పుడు, జట్టు కూడా 75 లక్షల యెన్‌ల జరిమానా కట్టింది. జట్టుకు చెడ్డపేరుతో పాటు ఖర్చు కూడా ఉంటే, ఆటగాడి చుట్టూ ఎవరు తిరుగుతున్నారో, ఏ పొడులు తింటున్నాడో చూసే శ్రద్ధ పెరుగుతుందని ఆ పద్ధతిని సమర్థించేవారి వాదన. మాకు అది సబబుగానే తోస్తుంది.

వ్యక్తిగత అవార్డులు, రికార్డుల సంగతి ఏమిటి?

అవీ ఉండిపోతాయి. బ్రాన్ 2011లో అందుకున్న ఉత్తమ ఆటగాడి అవార్డు అతడి పేరిటే ఉంది. కబ్రేరా 2012లో తనకు తానుగా కోరడంతో లీగ్, సంఘం కలిసి ఆ ఏడాదికి నిబంధన సవరించి అతడిని అత్యధిక సగటుకు దక్కే బ్యాటింగ్ టైటిల్ పోటీ నుంచి తప్పించాయి. 0.336 సగటుతో అతడి సహచరుడు బస్టర్ పోసీకి ఆ టైటిల్ దక్కింది. ఆట దిగ్గజాలకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవానికి జరిగే ఓటింగ్‌లో మాత్రం లెక్క తేలుతుంది. 3,020 హిట్లు, 569 హోమ్ రన్‌లు ఉన్న పల్మేరో 2014లో 5 శాతం ఓట్లైనా రాక జాబితా నుంచే తొలగిపోయాడు.

తెలియక తీసుకున్నానని ఆటగాడు చెబితే వింటారా?

శరీరంలోకి వెళ్లిన ప్రతిదానికీ ఆటగాడే బాధ్యుడన్నది మూలసూత్రం. అయితే మోసం ఉద్దేశం లేదని రుజువు చేయగలిగితే కొన్ని సందర్భాల్లో మధ్యవర్తి శిక్ష తగ్గించవచ్చు. 2019 సెప్టెంబరులో మిన్నెసోటా పిచర్ మైఖేల్ పినేడాకు హైడ్రోక్లోరోథయజైడ్ (ఇదీ మూత్రం ఎక్కువగా పోయించే మందే) కేసులో 80 మ్యాచ్‌లు 60కి తగ్గాయి. అయినా డివిజన్ గెలిచిన మిన్నెసోటా ఆ అక్టోబరులో అతడు లేకుండానే యాంకీస్‌తో మూడు మ్యాచ్‌లూ ఓడింది.

ఏకాగ్రత లోపానికి డాక్టర్లు ఇచ్చే మందులకు ముందస్తు అనుమతి తీసుకునే వీలుంది. 2014లో బాల్టిమోర్ ఆటగాడు క్రిస్ డేవిస్‌కు ఆ అనుమతి లేకపోవడంతో అలాంటి మందైన ఆడెరాల్ కారణంగా 25 మ్యాచ్‌ల నిషేధం పడి, జట్టు అమెరికన్ లీగ్ తుది సిరీస్ దాకా వెళ్లినా అతడు ఆడలేకపోయాడు. ఒక దరఖాస్తు సకాలంలో ఆమోదం పొందకపోవడం జట్టుకు ఎంత ఖరీదైనదో చూడండి. పోషక పొడుల విషయంలో, స్వతంత్ర సంస్థ పరీక్షించి ధ్రువీకరించిన వాటినే జట్లు తమ ఆటగాళ్లకు ఇవ్వాలి. బయట కొనుక్కున్నది ఆటగాడి పూచీ.

శాశ్వత బహిష్కరణ నిజంగా ఎవరిపైనైనా పడిందా?

పడింది. మెట్స్ పిచర్ జెన్రీ మెహియా 2015 ఏప్రిల్‌లో 80, జులైలో 162 మ్యాచ్‌ల శిక్షలు తెచ్చుకుని, 2016 ఫిబ్రవరిలో మూడోసారి బోల్డినోన్‌తో పట్టుబడి బహిష్కృతుడయ్యాడు. 2018లో కమిషనర్ షరతులతో అతడిని తిరిగి అనుమతించారు, కానీ మేజర్ లీగ్‌లో మళ్లీ ఆడలేదు.

మన క్రికెట్‌తో పోల్చవచ్చా?

కొంతవరకే. 2019లో దగ్గు మందుల్లో ఉండే టెర్బ్యుటాలిన్ కేసులో పృథ్వీ షాకు బీసీసీఐ 8 నెలల నిషేధం విధించింది. క్రికెట్‌లో శిక్షను నెలల్లో కొలుస్తారు కనుక ఆ కాలంలో మ్యాచ్‌లు ఎన్ని పోతాయన్నది షెడ్యూలును బట్టి మారుతుంది. బేస్‌బాల్‌లో మ్యాచ్‌ల్లోనే కొలుస్తారు, మ్యాచ్‌లు లేని శీతకాలం లెక్కలోకి రాదు.

ఈ నిషేధాల భారం అందరిపైనా సమానంగా పడుతుందా?

పడదు. కోట్ల ఒప్పందం ఉన్నవాడు 80 మ్యాచ్‌ల తరువాత తన స్థానానికి తిరిగి వస్తాడు, ఎందుకంటే జట్టు అతడికి డబ్బు చెల్లించాల్సి ఉంది. 2025 మార్చి 31న, సీజన్ మొదలైన కొద్ది రోజులకే, బ్రేవ్స్ ప్రొఫార్‌ను పోగొట్టుకుంది. జనవరిలో 3 ఏళ్లకు 4.2 కోట్ల డాలర్లతో తెచ్చుకున్న ఆటగాడు కాబట్టి జులై మొదట్లో శిక్ష ముగిసిన వెంటనే లెఫ్ట్ ఫీల్డ్‌లో నిలబెట్టింది.

దిగువ లీగుల్లో పరిస్థితి అది కాదు. అక్కడ పరీక్షలు 2001 నుంచే ఉన్నాయి, మేజర్ లీగ్ కన్నా ముందు. ఆ ఆటగాళ్లకు 2022 వరకు సంఘం రక్షణ లేదు, కాబట్టి నిబంధనల మీద వారి తరఫున బేరమాడినవారూ లేరు. డొమినికన్ రిపబ్లిక్‌లో పదహారేళ్లకే సంతకం చేసే కుర్రవాడికి నిషేధిత మందుల జాబితా అర్థం కాకపోవచ్చు, అతడికి సూది ఇచ్చేది అతడి భవిష్యత్తులో వాటా ఆశించే శిక్షకుడే కావచ్చు. పట్టుబడితే జట్టు అతడిని వదిలేయడానికి అడ్డుపడే ఒప్పందం ఏదీ ఉండదు. అలాంటివారి పేర్లు లీగ్ ప్రకటనలో ఒక వాక్యంగా వచ్చి వెళ్లిపోతాయి. ఈసారి అలాంటి ప్రకటన కనిపించినప్పుడు, ఆటగాడి వయసెంతో, ఏ లీగ్ నుంచో కూడా చదవమని పాఠకులను కోరుతున్నాం.